రూపాయి బిళ్ళంత చోటు

ఆ కబురు నాకు చెప్పింది గుడివాడలో డైనమోలు బాగుచేసే మేస్త్రి. బందరు ఆసుపత్రిలో సెలవు పెట్టి అక్కడ మా తమ్ముడింటికి వచ్చి ఉన్నాను. పొద్దున్నే వాకిట్లో నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా, చేతులకున్న గ్రీజు గుడ్డకు తుడుచుకుంటూ, "సిస్టరుగారూ, బందరు బస్సు కండక్టరు చెప్పాడండి. మన డాక్టరమ్మగారు ఇక లేరంట" అన్నాడు.

"ఇవాళ బుధవారం కదయ్యా, ఆవిడ దివిసీమ వెళ్ళే రోజు" అన్నాను నేను. పని ఉన్న రోజున ఆవిడ చచ్చిపోతారంటే నమ్మబుద్ధి కాలేదు. మేస్త్రి తల వంచుకుని ఆ గుడ్డతోనే కళ్ళు తుడుచుకున్నాడు. మొహం నిండా నల్లటి చార పడింది. అది చూశాక నమ్మాను.

ముందు రోజు వార్డు అంతా తిరిగి, చేతులు కడుక్కుని, మజ్జిగ తెమ్మని చెప్పి కుర్చీలో కూర్చున్నారట. మజ్జిగ తెచ్చేసరికి ఆవిడ లేరు. ఎవరిచేతా చాకిరీ చేయించుకోకుండా వెళ్ళిపోవడం ఆవిడకు తగినట్టే ఉంది గాని, మాకు మాత్రం తగినట్టు లేదు.

మీలో చాలామందికి ఆవిడ తెలిసే ఉంటారు. మీ ఇంట్లో బళ్ళోకి వెళ్ళే పిల్లలుండి, వాళ్ళు బందరులోనో దివిసీమలోనో పుట్టి ఉంటే, మొదట వాళ్ళని అందుకున్న చేతులు ఆవిడవే కావచ్చు. ఆవిడ వైద్యం గురించి సంతాపసభలో పెద్దలు చెప్పారు. బాగానే చెప్పారు. నేను చెప్పదలుచుకున్నది ఆవిడ కారు గురించి. నవ్వకండి. ఆ కారు లేకపోతే ఆ వైద్యం బందరు ఊరు దాటేది కాదు.

పాత ఇంగ్లీషు బండి అది. ఎవరో దొర వాడి వాడి వదిలేసి వెళ్ళింది. నా పక్క తలుపు లోపల్నుంచి తెరుచుకునేది కాదు. నేను అద్దం దించి, చెయ్యి బయటపెట్టి తెరుచుకుని దిగాలి. చీర కుచ్చిళ్ళు ఎన్నిసార్లు చిరిగాయో దేవుడికే తెలియాలి. ఆసుపత్రిలో అందరూ దాన్ని 'డొక్కు' అనేవాళ్ళు. ఆవిడ ముందు మాత్రం ఎవరికీ ఆ మాట అనే ధైర్యం లేదు, నాకు తప్ప.

"డాక్టరమ్మగారూ, మీ డొక్కు మళ్ళీ మొరాయించిందండీ" అనేదాన్ని.

"డొక్కు నువ్వు" అనేవారు. అక్కడితో సరి.

కారు గురించి నాకేమీ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఆవిడే బలవంతాన నేర్పారు. బ్యాటరీ అంటే నీళ్ళ తొట్టి అనుకోమన్నారు. కారు నడిచినంతసేపూ డైనమో తోడి పోస్తూ ఉంటుంది. దీపాలు, హారను, ఇంజనుకు కావలసిన నిప్పురవ్వ, అన్నీ అందులోంచే ముంచుకుంటాయి. పోయడం ఆగిపోతే తొట్టి ఎండుతుంది, బండి ఆగుతుంది. డ్యాషుబోర్డు మీద చిన్న గడియారంలాంటిదొకటి ఉండేది. అందులో సూది ప్లస్సు వైపు ఉంటే తొట్టి నిండుతున్నట్టు, మైనస్సు వైపు ఉంటే ఎండుతున్నట్టు. "ఆ సూది అబద్ధం చెప్పదు అమ్మాయ్. మనుషులకీ అలాంటిదొకటి ఉంటే నా పని సగం తగ్గేది" అనేవారు.

అసలు సంగతి ఒక ఏడు వానాకాలానికి ముందు మొదలైంది.

బందరు గాలికి ఇనుము నిలవదని మీకు తెలుసు. కిటికీ చువ్వల్ని ఏడాది పట్టించుకోకపోతే వేలితో రాలగొట్టవచ్చు. గిలకలదిండి రేవులో పడవలకు తారు వేసే ముసలాయన ఒకడున్నాడు. మేమంతా తారు తాత అంటాం. ఆయన కోడలికి కాన్పు కష్టమైతే తల్లినీ బిడ్డనీ ఇద్దర్నీ దక్కించింది మా డాక్టరమ్మగారే. ఒకనాడు ఆయన ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని, కాగిన తారు డబ్బాలు మోయించుకుని ఆసుపత్రి షెడ్డుకు వచ్చేశాడు.

"మా తల్లి బండి ఉప్పుగాలికి తుప్పట్టిపోతంటే చూస్తా ఊరుకుంటామా అమ్మా? మా పడవకి ఏసినట్టే ఏత్తాం. సముద్రంలో తోలినా చుక్క నీరెక్కదు" అన్నాడు.

"సముద్రంలోకి ఇప్పుడే వద్దులే తాతా" అని ఆవిడ పకపకా నవ్వారు.

పనిమంతులు. బండి కింద దూరి, అడ్డొచ్చిన బోల్టులన్నీ ఊడదీసి, సందు సందుకీ తారు పట్టించి, మళ్ళీ ఎక్కడివక్కడ బిగించారు. బందరులో కారుకు అడుగున అంత చక్కగా తారు పూసిన వాళ్ళు మరొకరు లేరు. అసలు కారుకు తారు పూయాలన్న ఆలోచన గిలకలదిండి వాళ్ళకు తప్ప ఇంకెవరికి వస్తుంది? డాక్టరమ్మగారు వాళ్ళకు కాఫీలు ఇప్పించి, వచ్చినవాళ్ళందరికీ వంగి చూడండి చూడండి అని బండి అడుగు చూపించారు. నన్నూ వంగి చూడమన్నారు. నా నడుం నొప్పి నాకుంది, నేను చూడలేదు.

తర్వాత కొద్దిరోజులకు దీపం బల్బు ఒకటి మాడిపోయింది. కొత్తది వేస్తే అదీ మాడింది. హారను ఒకసారి గట్టిగా అరిచేది, ఒకసారి మూలిగేది. సూది ఊరికే వణికేది, నిలకడ లేదు. పొద్దున బండి తీద్దామంటే స్టార్టరు కిక్కురుమనేది కాదు. ఆసుపత్రి వాచ్‌మన్ ఇంజను ముందున్న హ్యాండిలు తిప్పీ తిప్పీ భుజం పట్టుకున్నాడు.

గుడివాడ మేస్త్రిని పిలిపించారు. డైనమో విప్పి, లోపల మసి తుడిచి, అరిగిన కార్బన్లు మార్చి, బెల్టు బిగించి, బ్యాటరీని ఛార్జింగుకు పెట్టాడు. "డైనమో పులిలా ఉందండీ" అని చెప్పి వెళ్ళాడు. పులి వారం తిరక్కుండా పడుకుంది. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ చూశాడు. డైనమోలో లోపం లేదు, బ్యాటరీలో లోపం లేదు. బుర్ర గోక్కుని, రెండు తీగలు తగిలించిన తన పరీక్ష బల్బు ఒకటి ఆవిడ చేతిలో పెట్టాడు.

"నేను గుడివాడలో ఉంటానండీ. జబ్బేమో దారిలో వస్తోంది. ఈసారి ఆగినప్పుడు, ఆగిన చోటే, ఎక్కడ వెలుగుతుందో ఎక్కడ వెలగదో మీరే చూసుకోండి" అన్నాడు. తెలివైనవాడు. ఆ మాటకు ఆవిడ ఎంత సంతోషించారో! రోగం ముదిరినప్పుడు చూడాలిగాని తగ్గాక చూస్తే ఏం తెలుస్తుందని నాతో రెండు రోజులు అదే మాట.

ఈలోగా ఆసుపత్రి పెద్దలకు ఓపిక పోయింది. వాళ్ళలో పెద్దాయన ఒకరు స్వయంగా వచ్చారు. మంచివారే, కంగారు మనిషి.

"డాక్టరమ్మగారూ, ఈ బండేసుకుని దివి వెళ్ళడం మానెయ్యండి. దారిలో ఆగిపోతే మీకూ ప్రమాదం, రోగికీ ప్రమాదం. ఆ ఆడవాళ్ళనే ఇక్కడికి రమ్మనండి."

"నొప్పులొస్తున్న మనిషి ఎడ్లబండిలో అవనిగడ్డ నుంచి బందరు రావాలాండీ? మీరొకసారి ఆ బండిలో కూర్చుని రండి. వచ్చాక మాట్లాడుకుందాం."

"ఇంకొక్కసారి దారిలో ఆగిందంటే మాత్రం అమ్మేస్తామండి. అదే ఆఖరు" అన్నారాయన.

"సరే" అన్నారావిడ. ఆ కారు పోతే బుధవారాలు పోతాయి. బుధవారాలు పోతే పులిగడ్డ అవతల మంత్రసాని చేతిలో తేలని కాన్పులన్నీ దేవుడికి వదిలెయ్యాల్సిందే.

ఆ తర్వాతి బుధవారమే వచ్చింది తంటా. నాగాయలంక వైపు ఒక పల్లెలో తొలిచూలు పిల్ల. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. ఆవిడ చెయ్యి పెట్టి చూసి, నా వైపు తిరిగి, "బందరు" అన్నారు. అంటే ఆపరేషను అని. ఆ పిల్లను వెనక సీట్లో పడుకోబెట్టి, తల అత్తగారి ఒళ్ళో పెట్టాం. మొగుడు బయట ఫుట్‌బోర్డు మీద నిలబడి కిటికీ పట్టుకున్నాడు. నేను ముందు సీట్లో సామాన్ల సంచీ ఒళ్ళో పెట్టుకున్నాను. సన్నగా తుంపర.

పులిగడ్డ అక్విడెక్టు దాటేవరకూ బాగానే ఉంది. దాటాక, చల్లపల్లి రోడ్డు మీద గడ్డిబళ్ళు వరసగా అడ్డొచ్చాయి. ఆవిడ వేగం తగ్గించారు. ఇంజను శబ్దం సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది. స్టార్టరు నొక్కితే చిన్న చప్పుడైనా లేదు. ఫుట్‌బోర్డు మీది కుర్రాడు దూకి హ్యాండిలు తిప్పాడు. తిప్పాడు, తిప్పాడు, చెమటతో తడిశాడు. ఊహూఁ. వెనక ఆ పిల్ల మూలుగు. అత్తగారు "తల్లీ, తల్లీ" అంటోంది, ఎవర్నో తెలియదు, డాక్టరమ్మగార్నో, దేవతనో.

"డొక్కు! డొక్కు! ముందే చెప్పాను!" అని అరిచాను నేను. ఏడుపొచ్చేసింది.

"అమ్మాయ్, తిట్టడానికి సాయంత్రం టైమిస్తాను. నువ్వెళ్ళి ఆ పిల్ల నాడి చూడు. నేను దీని నాడి చూస్తాను" అన్నారావిడ. గొంతులో ఏ తొణుకూ లేదు. ఆవిడ గొంతు అలా ఉన్నప్పుడు మన గొంతు కూడా దానంతటదే సర్దుకుంటుంది. వెనక సీట్లోకి వెళ్ళాను.

ఆవిడ బానెట్టు ఎత్తారు. ఎత్తి, చెయ్యి మాత్రం పెట్టలేదు. రోగి దగ్గర కూడా అంతే, ముందు అడుగు తర్వాత ముట్టుకో అని మా చేత వల్లె వేయించేవారు. బానెట్టు పక్కనుంచి తల బయటపెట్టి నన్ను అడగడం మొదలుపెట్టారు.

"ఎప్పట్నించి దీనికి జబ్బు?"

"వానాకాలం నుంచండీ."

"వాన పడ్డాకా, పడకముందా?"

ఆలోచించాను. "మొదటి బల్బు మాడింది వాన పడకముందే."

"అయితే వాన కాదు. బల్బు మాడేముందు దీనికి ఏం జరిగింది? పడిందా, గుద్దుకుందా, ఎవరైనా ముట్టుకున్నారా?"

"ఎవరు ముట్టుకుంటారండీ ఈ డొక్కుని? తారు తాత వచ్చి తారు వేశాడు, అంతే కదా."

ఆవిడ నెమ్మదిగా, "ఆఁ..." అన్నారు. వార్డులో జబ్బు దొరికినప్పుడు అనే 'ఆఁ' అది.

మేస్త్రి ఇచ్చిన బల్బు తీశారు. రెండు తీగలూ బ్యాటరీ రెండు కొమ్ములకీ ఆనించారు. వెలిగింది. వెలుగు పచ్చగా ఉంది, అయినా వెలిగింది. తర్వాత ఒక తీగ కరెంటు వచ్చే కొమ్ము మీదే ఉంచి, రెండోది ఇంజను మీద మెరుస్తున్న బోల్టుకు ఆనించారు. లేదు. మరో బోల్టుకు ఆనించారు. ఊహూఁ.

"బ్యాటరీ బతికే ఉంది. డైనమో బతికే ఉంది. వీళ్ళిద్దరికీ మధ్య మాటల్లేవు" అన్నారు.

అప్పుడు చెప్పారు నాకు, ఆ తుంపరలో, ఆ కంగారులో, పాఠం చెప్పినట్టు. కరెంటు వెళ్ళడానికి తీగలుంటాయి. తిరిగి రావడానికి విడిగా తీగ ఉండదు, కారు ఇనుమే దారి. ఆ ఇనుమునూ బ్యాటరీనీ కలిపేది జడలా అల్లిన రాగి పట్టీ ఒక్కటే. దాన్నే మేస్త్రులు ఎర్తు అంటారు. "వెళ్ళిన కరెంటు తిరిగి ఇంటికి రావాలి అమ్మాయ్. రాకపోతే ఎంత పుట్టించినా దండగే." ఆ పట్టీని మన తారు తాత ఊడదీసి, కింద ఇనుముకు ఇంత మందాన తారు పట్టించి, దాని మీద పెట్టి బిగించాడు. పడవలో అయితే అదే సరైన పని. ఇన్నాళ్ళూ బోల్టు మరల దగ్గర ఏదో కాస్త ఇనుముకు ఇనుము తగులుతూ నెట్టుకొచ్చింది. తుప్పు పట్టి ఇవాళ అదీ తెగింది. బండి వేగంగా పోతున్నంతసేపూ డైనమో ఒక్కటే ఇంజనును ఈడ్చుకొచ్చింది. వేగం తగ్గగానే దాని చేతా కాలేదు.

కారులో ఎప్పుడూ ఒక పెడన అద్దకం దుప్పటి ఉండేది. రోగులకు కప్పడానికి కొన్నది. ఆవిడ దాన్ని రోడ్డు మీద పరిచి, చీర బిగించి, బండి కిందికి దూరారు. గడ్డిబళ్ళ వాళ్ళు బళ్ళు ఆపి నోళ్ళు తెరిచి చూస్తున్నారు. కిందినుంచి గొంతు వచ్చింది.

"అమ్మాయ్, ఆ సంచీలోంచి కత్తి ఇటివ్వు. తారు గీకాలి."

"ఇవ్వను" అన్నాను. "అది నీళ్ళలో మరిగించి గుడ్డలో చుట్టి ఉంచాను. ఇంకాసేపట్లో ఈ పిల్లకి కావాలి. మీరు తల కిందులుగా తపస్సు చేసినా ఇవ్వను."

"ఇవ్వవని తెలుసు. అడిగి చూశా" అని కిందినుంచి నవ్వు.

అప్పుడు ఆ అత్తగారు, అంతసేపూ కోడలి నుదురు నిమురుతున్న మనిషి, రొంటిన దోపుకున్న వక్కల సంచీలోంచి అడకత్తెర తీసి నా చేతికిచ్చింది. "ఇది పనికొత్తదేమో చూడు నర్సమ్మా. మా అమ్మది. దీనికి లొంగని వక్క లేదు."

అడకత్తెరతో గీకారు. పెట్రోలులో ముంచిన గుడ్డతో తుడిచారు. మళ్ళీ గీకారు. కరకరమని ఇనుము శబ్దం వినిపించేదాకా గీకారు. పట్టీని బిగించి, చేతికి మట్టీ తారూ, మొహానికి తారూ, పైకి లేచి ఆ కుర్రాడితో, "ఇప్పుడు తిప్పు నాయనా" అన్నారు. వాడు మా ఇద్దరి మొహాలూ చూసి, నాగాయలంక అమ్మవారి పేరు తలుచుకుని, ఒక్క తిప్పు తిప్పాడు.

ఆ శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. గడ్డిబళ్ళ ఎడ్లు బెదిరి పక్కకు తిరిగాయి. దారి దానంతటదే వచ్చింది.

సూది చూశాను. ప్లస్సు వైపు వెళ్ళి, కుదురుగా నిలబడింది. దారిలో ఇక నేను రోడ్డు చూడలేదు, ఒక కన్ను ఆ పిల్ల మీద, ఒక కన్ను సూది మీద. బందరులో దీపాలు పెట్టే వేళకు చేరాం. మా దీపాలు రెండూ వెలుగుతూనే చేరాం. ఆవిడ తారు వదిలేదాకా చేతులు తోముకుంటుంటే నాకు ప్రాణం ఆగలేదు గాని, తోముకోవలసినంతా తోముకున్నాకే లోపలికి వచ్చారు. ఆడపిల్ల పుట్టింది. తల్లి నిక్షేపంగా ఉంది. ఆ అత్తగారు మాత్రం ఆ తర్వాత ఎప్పుడు కనిపించినా, వక్క తారు వాసనొస్తోందని ఫిర్యాదు చేసేది. అడకత్తెర మార్చమంటే మార్చేది కాదు.

మర్నాడు ఆవిడే పెద్దాయన దగ్గరికి వెళ్ళి చెప్పారు. నేనైతే చెప్పేదాన్ని కాదు.

"బండి నిన్న దారిలో ఆగిందండీ."

"చూశారా! నే చెప్పలేదూ?"

"ఎందుకాగిందో తెలిసింది. ఇక ఆ కారణంగా ఆగదు."

"ఇంకో కారణంగా ఆగితేనో?"

"అప్పుడు ఆ కారణం కనుక్కుంటాను. మీరు ఆ తల్లీబిడ్డల్ని ఒకసారి చూసి రండి. ఆ తర్వాత కూడా అమ్మాలనిపిస్తే తాళాలు నా టేబులు మీదే ఉంటాయి." ఆయన వార్డుకు వెళ్ళారు. బిడ్డను చూశారు. తాళాల ఊసు మళ్ళీ ఎత్తలేదు.

ఇక తారు తాత సంగతి. నాకు ఒళ్ళు మండిపోతోంది. నాలుగు దులిపేద్దామని ఆవిడ వెంట గిలకలదిండి వెళ్ళాను. ఒడ్డున చేపల వేలం కేకలు, మంచుగడ్డలు పగలగొట్టే చప్పుడు. తాత ఒక పడవ పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. నేను నోరు తెరవబోతుంటే ఆవిడ నా చెయ్యి గిల్లారు. గట్టిగా గిల్లారు.

"తాతా, నీ తారు బ్రహ్మాండంగా ఉంది. ఇంత వానలోనూ నువ్వు పూసిన చోట చుక్క తుప్పు లేదు. మళ్ళీ ఏడాది కూడా నువ్వే వెయ్యాలి. కాకపోతే రూపాయి బిళ్ళంత చోటు మాత్రం నాకు వదిలెయ్యి."

"ఏంటి తల్లీ! రూపాయంత చోటు వదిల్తే పడవ ఈ మొగ దాటి సముద్రంలోకి పోకుండానే మునుగుద్ది!"

"పడవ మునుగుతుంది. ఇది నడుస్తుంది. ఇలా రా."

బల్బు తీసి, తారు మీద ఆనించి చూపించారు. వెలగలేదు. గీకిన చోట ఆనించారు. వెలిగింది. తాత మళ్ళీ మళ్ళీ తానే ఆనించుకుని చూశాడు. వెలిగినప్పుడల్లా కొడుకుల్ని కేకేశాడు. చివరికి ఆ వేలంపాట వదిలేసి సగం రేవు మా బండి చుట్టూ చేరింది.

"అయితే దీనికి ఊపిరి తీసుకునే చోటన్నమాట" అన్నాడు తాత.

"అదే" అన్నారావిడ.

మరుసటి ఏడు వచ్చినప్పుడు ఎవరూ చెప్పకుండానే ముందు ఆ చోట తడి బంకమట్టి ముద్ద ఒకటి అతికించాడు. దాని చుట్టూ తారు వేశాడు. ఆరాక ముద్ద ఊడదీస్తే గుండ్రంగా, తళతళా ఇనుము. ఆవిడ పట్టీ బిగించి, ఉప్పుగాలి తగలకుండా దాని మీద వేలితో వ్యాజిలైను రాశారు. అప్పట్నించి ఏటా అంతే. ఆయన ముద్ద, ఆవిడ వేలు.

దారి మీద ఇంత జరిగాక నేను డ్రైవింగు నేర్చుకు తీరాలని పట్టుబట్టారు. చిలకలపూడి అవతల చదును నేలలో నేర్పారు. బండి ఒకటే గంతులు. నేను కేకలు. ఆవిడ పక్క సీట్లో కూర్చుని జామకాయ తింటూ, "భయం వేస్తే సూది చూడు. అది ప్లస్సులో ఉంటే నీకేం భయం లేదు" అనేవారు. ఆ సూదికీ నేను గోడకు గుద్దడానికీ ఏం సంబంధమో నాకు అర్థం కాలేదు గాని, ధైర్యం మాత్రం వచ్చేది. అదే ఆవిడ వైద్యంలో కూడా సగం.

అంత్యక్రియల నాడు దివి నుంచి వచ్చిన బళ్ళు ఆసుపత్రి గోడ పొడవునా ఆగాయి. తొలిచూలు నాడు వెనక సీట్లో పడుకున్న ఆ పిల్ల, కూతుర్ని చంకనేసుకుని వచ్చింది. ఆ తల్లి తిన్నగా షెడ్డులోకి వెళ్ళి కారు బానెట్టు మీద పూలు పెట్టింది. అప్పుడు మాత్రం నేను నిలదొక్కుకోలేకపోయాను. గోడకానుకుని బావురుమన్నాను.

పెద్దాయన మళ్ళీ వచ్చారు, నెమ్మదిగానే అడిగారు. "ఇక దీన్ని ఎవరు నడుపుతారమ్మా? అమ్మేద్దామా?"

"నేను నడుపుతానండీ" అన్నాను. "కొత్తగా వచ్చిన చిన్న డాక్టరమ్మ ఉంది. ఆ అమ్మాయికి కత్తి పట్టడం వచ్చు. నాకు స్టీరింగు పట్టడం వచ్చు. బుధవారం బుధవారమే."

ఆయన నా మొహంలోకి చూసి, తాళాలు నా చేతిలో పెట్టారు.

ఆ తర్వాతి బుధవారం పొద్దున్నే తారు తాత వచ్చేశాడు. వానలు దగ్గరపడ్డాయి. ఎవరూ పిలవలేదు, ఏటా వచ్చినట్టే వచ్చాడు. చెయ్యి వణుకుతోంది, తారు డబ్బా కొడుకులే మోశారు. అద్దకం దుప్పటి పరిచి నేనే బండి కిందికి దూరాను. పట్టీ విప్పాలి, చోటు తుడవాలి, ముద్ద పెట్టించాలి. టార్చి వేశాను.

బోల్టు మీద వ్యాజిలైను అలాగే ఉంది. పోయిన ఏడు రాసింది. దాని మీద వేలు లాగిన చార, చివర వేలి కొన నొక్కిన గుంట. గీతలతో సహా ఉంది. చుట్టూ నల్లటి తారు, మధ్యలో ఆవిడ వేలు.

చేతిలో స్పానరు అలాగే ఉండిపోయింది. ఎంతకీ నేను కదలకపోతే తాత తనూ పాకుతూ వచ్చి పక్కన పడుకున్నాడు. చూశాడు.

"విప్పాలంటే తుడవాలి తాతా" అన్నాను.

"తుప్పుందా?"

"లేదు."

"లేనప్పుడు ఎందుకమ్మా విప్పడం?" అన్నాడు. పాకుతూ వెనక్కి వెళ్ళి, కొడుకుని ఒక మంచి కొబ్బరి చిప్ప చూసి తెమ్మన్నాడు. అది పట్టుకుని మళ్ళీ వచ్చి, ఆ చోటు మీద, దేనికీ తగలకుండా బోర్లించి పట్టుకున్నాడు. కొడుకులు చుట్టూ తారు వేస్తున్నంతసేపూ ఆ వణికే చెయ్యి వణకలేదు.

ఆరాక చిన్న డాక్టరమ్మ సంచీ తెచ్చుకుని ముందు సీట్లో కూర్చుంది. తాత కొడుకు హ్యాండిలు తిప్పాడు. ఒక్క తిప్పు.

"సిస్టర్, ఆ సూది ఏమిటి?" అంది ఆ అమ్మాయి.

"చూస్తూ ఉండు" అన్నాను. సూది ప్లస్సు వైపుకు వెళ్ళింది, కాస్త ఊగింది, నిలబడింది. బండి గేటు దాటుతుంటే అద్దంలో తారు తాత కనిపించాడు. రోడ్డు మధ్యలో చేతులూ మోకాళ్ళూ ఆనించి వంగి, దూరమయ్యేదాకా బండి అడుగునే చూస్తున్నాడు, చేతిలో ఆ కొబ్బరి చిప్ప.